కేజన్ వంటింట ఉప్పు తగ్గిన వేళ

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణపు అంచున, మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట, చిత్తడి నేలలతోను, కాలువలతోను, వరి పొలాలతోను నిండిన రాష్ట్రం లూయిసియానా. ఆ రాష్ట్రపు నైరుతి పల్లెలలో, ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి కుటుంబాలలో, వెనుక ఒక నానుడి ఉండేది. రోజులు కష్టంగా గడుస్తున్నవని చెప్పదలచినప్పుడు, చిక్కుళ్ళలో ఉప్పు పడలేదనేవారు. ఉప్పురాయి కొనలేకపోయామని దాని భావం కాదు. చిక్కుళ్ళతో కలిపి ఉడికించటానికి ఉప్పులో ఊరిన పందిమాంసం ముక్కైనా ఇంట లేదని భావం.

చిక్కుళ్ళను ఫ్రెంచిలో చెప్పే మాటను ఆ ప్రాంతం వారు 'లే జారికో' అని పలికేవారు. ఆ పలుకే మారి మారి 'జైడెకో' అయి, అకార్డియన్ మీద సాగే వారి సంగీతానికి పేరుగా నిలిచిందని సాధారణంగా చెప్పే వివరణ. ఓపెలూసస్ ప్రాంతంలో 1925లో జన్మించిన క్లిఫ్టన్ షెనియర్ 1965లో ఆ నానుడిని పాటగా రికార్డు చేసి దేశమంతటా వినిపించాడు.

ఉప్పు పడని చిక్కుళ్ళు ఒకనాడు దారిద్ర్యానికి గుర్తు. ఈనాడు రక్తపోటు రోగికి వైద్యుడు చెప్పే పథ్యం అదే. లూయిసియానాకు ఈ మార్పు చిన్న విషయం కాదు. పక్షవాతం మరణాలు దేశపు సగటును మించి ఉండే ఆగ్నేయ రాష్ట్రాల వరుసను అక్కడి వైద్యులు 'పక్షవాతపు పట్టీ' అని వ్యవహరిస్తారు. లూయిసియానా ఆ వరుసలోనిదే. ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పినప్పుడు అక్కడి మనిషికి అది అమ్మమ్మ వంటను వదులుకొమ్మన్నట్లు వినిపిస్తుంది. వదులుకొనవలసిన అవసరం నిజంగా ఉన్నదా? ఆ వంటలో ఉప్పు ఏ పని చేస్తున్నదో, ఎప్పుడు, ఎందుకు వచ్చి చేరిందో తెలుసుకొంటే జవాబు దొరుకుతుంది.

ప్రవాసుల వంట

కేజన్లు పుట్టుకతో లూయిసియానా వారు కారు. పదిహేడవ శతాబ్దారంభంలో ఫ్రాన్సు నుంచి వచ్చి, నేటి కెనడా తూర్పు తీరాన అకేడియా అనే ప్రాంతంలో స్థిరపడిన రైతుల సంతతి వారు. 1713లో ఆ నేలలో అధిక భాగం బ్రిటిషు వారి వశమైంది. ఇంగ్లండు రాజుకు షరతులు లేని విధేయత ప్రకటించటానికి అంగీకరించనందున 1755 నుంచి వారిని వేల సంఖ్యలో ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. కుటుంబాలు చెదిరిపోయినవి. 1765లో బోసొలేయ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన జోసెఫ్ బ్రూసార్ నాయకత్వాన సుమారు 200 మంది లూయిసియానా చేరుకొన్నారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడలలో మరి 1,600 మంది వరకు వచ్చారు. 'అకేడియన్' అనే మాట నాలుకల మీద అరిగి 'కేజన్' అయింది.

కట్టుబట్టలతో వచ్చినవారు అక్కడ దొరికినదే వండుకొన్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవారి వల్ల బెండకాయ ఆ నేలకు పరిచయమైంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషలలో బెండకాయకున్న పేరు నుంచే ఆ ప్రాంతపు సుప్రసిద్ధమైన పులుసు 'గంబో'కు పేరు వచ్చిందని పలువురు పండితుల అభిప్రాయం. లూయిసియానా ఫ్రెంచిలో ఈనాటికీ బెండకాయను 'గొంబో' అనే అంటారు. బెండకాయ దొరకని చలికాలంలో పులుసు చిక్కబడటానికి సాసఫ్రాస్ చెట్టు ఆకుల పొడి వేయటం స్థానిక చోక్టా తెగవారు నేర్పిన విద్య. జర్మను వలసదారులు సాసేజి తయారీలో తమ నైపుణ్యాన్ని తెచ్చారు. ఆ నేలలో వరి పండుతుంది కనుక వీటన్నిటికీ ఆధారం అన్నమే. ఇక్కడి వంట పులుసూ అన్నమూ అని విన్న తెలుగువాడికి అది పరాయి వంటగా తోచదు.

ఇక ఉప్పు సంగతి. ఆ ప్రాంతపు నేల అడుగున ఉప్పు గుట్టలే ఉన్నవి. ఏవెరీ ద్వీపం అని పిలిచే దిబ్బ కింద 1862లో, అంతర్యుద్ధ కాలంలో, రాతి ఉప్పు బయటపడింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన టబాస్కో మిరప సాసు 1868లో పుట్టినది కూడా ఆ దిబ్బ మీదనే. అయితే కేజన్ల వంటలో ఉప్పు పెరగటానికి దాని లభ్యత ఒక్కటే కారణం కాదు. ఎండలు మండే ఆ తేమ ప్రాంతంలో మాంసం ఒక్క పూటలో చెడిపోతుంది. చలికాలంలో ఇరుగుపొరుగు కలిసి పందిని కోసుకొనే 'బూషరీ' అనే ఆచారం ఉండేది. ఆనాటికి కావలసినది తినగా మిగిలినదానిని ఉప్పులో ఊరవేసి, పొగబెట్టి దాచుకొనేవారు. టాసో, ఆండూయీ వంటి మాంసాలు ఆ అవసరం నుంచే వచ్చినవి. అటువంటి ముక్క ఒకటి చిక్కుడు గింజల కుండలో పడితే ఉప్పూ, కొవ్వూ, పొగ వాసనా కలిసి వచ్చేవి.

1935 తరువాత ప్రభుత్వం చేపట్టిన విద్యుదీకరణతో దేశపు పల్లెలకు క్రమంగా విద్యుత్తు వచ్చింది, దాని వెంట శీతల యంత్రం వచ్చింది. నిలువ చేయటానికి ఉప్పు అవసరం తీరిపోయింది. ఉప్పు మాత్రం పోలేదు. అప్పటికి అది రుచిగా, అలవాటుగా, ఇంటి జ్ఞాపకంగా మారిపోయింది. పైగా సీసాలలో, డబ్బాలలో అమ్మే 'కేజన్ మసాలా' మిశ్రమాలలో చాలావాటికి ప్రధాన ద్రవ్యం ఉప్పే. అందులో ఒక చెంచా, పులుసుకు వాడే తయారు కషాయంలో కొంత, సాసేజిలో కొంత, చివర చేత్తో చల్లినది కొంత చేరి, ఒకే కుండలో ఉప్పు నాలుగు సార్లు పడుతున్నది.

బేటన్ రూజ్‌లో జరిగిన పరీక్ష

ఉప్పు బరువులో సుమారు 40 శాతం సోడియం. ఒక చిన్న చెంచా ఉప్పులో దాదాపు 2,300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవారు రోజుకు 5 గ్రాముల ఉప్పుకు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియానికి లోబడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. 2023లో ఆ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచపు సగటు వాడకం 10.8 గ్రాములు. అంటే రెట్టింపునకు మించి.

ఈ విషయమై జరిగిన ప్రసిద్ధమైన పరీక్షలలో ఒకదానికి లూయిసియానా రాజధాని బేటన్ రూజ్‌లోని పెన్నింగ్టన్ పరిశోధన కేంద్రం కూడా వేదిక అయింది. 'డాష్' అనే ఆహార విధానాన్ని ఉప్పు తగ్గింపుతో కలిపి పరీక్షించిన ఆ అధ్యయన ఫలితాలు 2001లో వెలువడినవి. అందులో 412 మంది పాల్గొన్నారు. కొందరికి మామూలు అమెరికా భోజనం, మరికొందరికి కూరలు, పండ్లు, పప్పుజాతి గింజలు, వెన్న తీసిన పాల పదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం ఏర్పాటు చేశారు. ప్రతి ఒక్కరికీ మూడు స్థాయిల ఉప్పుతో, ఒక్కొక్క స్థాయిలో నెల రోజుల చొప్పున, ఆ భోజనం పెట్టారు. ఉప్పు తగ్గిన కొద్దీ రెండు వర్గాలలోనూ రక్తపోటు తగ్గింది. అంతకు ముందే రక్తపోటు ఉన్నవారి విషయంలో, ఉప్పు ఎక్కువైన మామూలు భోజనంతో పోలిస్తే, ఉప్పు బాగా తగ్గించిన డాష్ భోజనం వల్ల పై అంకె సగటున 11.5 పాయింట్లు దిగింది. ఒక మందు బిళ్ళ చేసే పనికి ఇది తీసిపోదు.

పెరటి బెండకాయ, చిక్కుడు గింజ, ఉల్లి, మిరప, అన్నం. కేజన్ వంటకు మూలమైన ఈ పదార్థాలలో ఏదీ ఈ విధానానికి విరుద్ధం కాదు. బయటినుంచి వచ్చి చేరిన ఉప్పు మాంసమూ, డబ్బా మసాలా మాత్రమే విరుద్ధం.

రుచిని మోసే చేతులు

ఉప్పును ఊరికే తీసివేస్తే కూర చప్పబడుతుంది. ఉప్పు చేసే పనిని ఇతర దినుసులకు అప్పగించాలి. ఆ దినుసులూ, ఆ పద్ధతులూ కేజన్ వంటలో ఏనాటినుంచో ఉన్నవి.

మొదటిది ఉల్లి, సెలరీ కాడ, బుట్టమిరప కలిసిన తాలింపు. కతోలిక మతస్థులైన ఆ ప్రజలు దీనిని 'పవిత్ర త్రయం' అంటారు. ఈ మూడింటినీ తొందరపడి మగ్గనిస్తే నీరు వాసన వస్తుంది. సన్నని సెగ మీద ఉల్లి బంగారు రంగు దాటేదాకా వేయిస్తే దానిలోని తీపి బయటికి వస్తుంది.

రెండవది 'రూ'. నూనె, గోధుమపిండి సమపాళ్ళలో కలిపి, చేయి ఆపకుండా కలియబెడుతూ అరగంట, ముప్పావు గంట వేయించగా, పిండి తెలుపు నుంచి గోధుమ రంగుకు, దానినుంచి రాగి రంగుకు, చివరకు చాకొలేటు రంగుకు తిరుగుతుంది. వేగిన గింజల వాసన వస్తుంది. ఆ వాసనలో ఒక్క రేణువు ఉప్పు లేదు. నల్లని చుక్కలు కనిపిస్తే మాడినట్లే, పారబోసి మళ్ళీ మొదలు పెట్టవలసినదే. కొవ్వు కూడా తగ్గించవలసినవారు నూనె లేకుండా పిండిని ఒట్టి మూకుడులోగాని, ఓవెన్‌లోగాని వేయించుకొంటారు. రూ ఎంత నల్లబడితే చిక్కదనం ఇచ్చే శక్తి అంత తగ్గుతుంది. ఆ లోటును బెండకాయ జిగురు పూరిస్తుంది.

మూడవది అడుగంటిన ముద్ద. ఓపెలూసస్ సమీపాన 1940లో, పదముగ్గురు సంతానంలో కడపటివాడుగా పుట్టి, కేజన్ వంటను ప్రపంచానికి పరిచయం చేసిన పాల్ ప్రుడోమ్ తన వంటలలో ఈ కిటుకును ఎంతగానో వాడుకొన్నాడు. కూరముక్కలు గిన్నెకు అంటుకొని ఎర్రబడనిచ్చి, కొద్దిగా నీరు పోసి గీకి మళ్ళీ కలపటం, దినుసులన్నీ ఒకేసారి వేయక దఫదఫాలుగా వేయటం ఆయన పద్ధతి. 2015లో ఆయన మరణించాడు. ఆయన వంట అల్పాహారుల వంట కాదు, కాని ఈ పద్ధతి ఉప్పు మానినవారికీ అంతే ఉపకరిస్తుంది.

నాలుగవది పులుపు, కారం. వెనిగరుగాని, నిమ్మరసంగాని చివర ఒక చెంచా పడితే, ఉన్న కొద్ది ఉప్పే నాలుకకు హెచ్చుగా తోస్తుంది.

సోమవారపు గింజలు

ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమూ న్యూఆర్లియన్స్ నగరంలో సోమవారపు భోజనం. అది బట్టలుతికే రోజు. ఆదివారం విందులో మిగిలిన పందితొడ ఎముకను గింజలతో కలిపి సన్నని సెగ మీద పెట్టి, ఇల్లాలు పగలంతా చాకిరేవు చూసుకొనేది. ఆ నగరంలో పుట్టిన సంగీత విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఈ వంట అంటే ఎంత ప్రీతి అంటే, ఉత్తరాల చివర సంతకానికి ముందు ఆ కూర పేరు చేర్చేవాడు. నగరపు క్రియోల్ వంట ఇది. కేజన్ పల్లెలలో దీనితో పాటు తెల్ల చిక్కుడు గింజలు కూడా అంతే వాడుక.

ఎర్ర గింజలంటే మన బజారులలో రాజ్మా పేరుతో దొరికేవే. ఉప్పు లేకుండా ఉడికిన 100 గ్రాముల గింజలలో సోడియం ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. పొటాషియం సుమారు 400 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు 8, 9 గ్రాములు ఉంటవి. డబ్బాలో వచ్చే గింజలలో ఉప్పు కలిపి ఉంటుంది. ఆ నీరు వంపి కడిగితే సుమారు 40 శాతం సోడియం పోతుంది.

ఎముక లేకుండా వండే విధానం ఇది. అరకిలో గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోయాలి. కొత్త నీటిలో వేసి అరగంట సేపు తెర్లనివ్వాలి. ఈ మాటను తేలికగా తీసుకొనరాదు. పచ్చి ఎర్ర గింజలలో వాంతులు కలిగించే ఒక విషపదార్థం ఉన్నది. బాగా మరిగితేనే అది నశిస్తుంది. మరగనీయకుండా సన్న సెగ మీద మాత్రమే ఉడికించటం ప్రమాదం.

వేరొక గిన్నెలో రెండు చెంచాల నూనెలో రెండు ఉల్లిపాయలు, మూడు సెలరీ కాడలు, ఒక బుట్టమిరప సన్నగా తరిగి ఎర్రగా వేయించాలి. ఆరు వెల్లుల్లి రెబ్బలు, మిరియాల పొడి, అర చెంచా కారం, కాస్త థైమ్ ఆకు, రెండు బే ఆకులు వేసి గింజలలో కలపాలి. పొగబెట్టిన మాంసం లేని లోటును పొగబెట్టిన ఎర్ర మిరపపొడి ఒక చెంచా తీరుస్తుంది. గింజ వేలితో నొక్కితే చితికేదాకా, గంటన్నర రెండు గంటలు, సన్న సెగ మీద ఉడకనిచ్చి, ఒక గరిటెడు గింజలను గిన్నె అంచుకు అదిమి చిదిపితే కూర వెన్నలా చిక్కబడుతుంది. పులుపు ముందుగా పడితే గింజ మెత్తబడదు కనుక వెనిగరు చివరనే వేయాలి. ఉప్పు కూడా చివరనే, కొలిచి, అర చెంచా. ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కరికి వచ్చే సోడియం సుమారు 145 మిల్లీగ్రాములు మాత్రమే.

బెండకాయ జిగురు

బెండకాయకు జిగురే గుణం, జిగురే దోషం. పులుసులో అది గుణం, వేపుడులో దోషం. ఆ సంగతి మనకు కొత్త కాదు. చింతపండు పులుసులోనో, మజ్జిగలోనో బెండకాయ వేసి మన ఇళ్ళలో ఆ జిగురును విరిచినట్లే, కేజన్ ఇళ్ళలో టమాటాతోను, వెనిగరుతోను విరుస్తారు. పులుపు ఏ చెట్టుదైనా జిగురు మీద చేసే పని ఒకటే.

కిలో లేత బెండకాయలను కడిగి, తడి పూర్తిగా తుడిచి చక్రాలుగా తరగాలి. తడి ఉంటే జిగురు హెచ్చుతుంది. మూడు చెంచాల నూనెలో ఉల్లి, బుట్టమిరప వేయించి, బెండకాయలు, మూడు టమాటాలు, ఒక చెంచా వెనిగరు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద గంటకు పైగా మగ్గనివ్వాలి. మధ్య మధ్య కలపాలి. మొదటి అరగంటలో తీగలు సాగుతుంటే పాడైందని భయపడనక్కర లేదు. క్రమంగా తీగలు తెగిపోయి, కూర ముద్దగా, మట్టిరంగుకు తిరుగుతుంది. పోత ఇనుప మూకుడు మాత్రం దీనికి పనికిరాదు. ఇనుము తగిలితే బెండకాయ నల్లబడుతుంది. ఎనామిల్ గిన్నెగాని, స్టీలు గిన్నెగాని మేలు. దించే ముందు పావు చెంచా ఉప్పు చాలు. వేసవిలో బెండకాయ విరగకాసినప్పుడు ఇలా మగ్గబెట్టి, శీతల పెట్టెలో గడ్డకట్టించి, చలికాలపు గంబోకు దాచుకొనే ఇళ్ళు ఆ ప్రాంతంలో ఎన్నో ఉన్నవి. నిలువకు ఉప్పు అక్కరలేని కాలం ఇది.

నాలుక కూడా నేర్చుకొంటుంది

మొదటి వారం ఈ కూరలు చప్పగా తోచటం సహజం. ఆ వారం దాటటమే కష్టం. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన అధ్యయనంలో, అయిదు నెలల పాటు సోడియం తగ్గించి తిన్నవారి అభిరుచే మారిపోయింది. మునుపు వారికి ఇంపుగా తోచిన ఉప్పు తరువాత అతిగా తోచింది. మారినది కూర కాదు, కొలత. ఒక్కసారిగా మానక, వారం వారం చిటికెడు చొప్పున తగ్గించుకొంటూ పోతే ఇంటిల్లిపాదికీ తేడా అంతగా తెలియదు.

ఒక హెచ్చరిక అవసరం. ఉప్పుకు బదులుగా అమ్మే కొన్ని లవణాలలో పొటాషియం క్లోరైడు ఉంటుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారికి, అది ప్రమాదకరం కావచ్చు. అటువంటివారు గింజలు, కూరల విషయంలో కూడా వైద్యుని అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి.

అకేడియా నుంచి వెళ్ళగొట్టబడిన వారు వెంట తెచ్చుకొన్నది గోధుమ రొట్టె అలవాటు. కొత్త నేల మీద అది సాగక అన్నానికి అలవాటు పడ్డారు. ఆఫ్రికావారి బెండకాయను, చోక్టాల ఆకుపొడిని తమ కుండలో కలుపుకొన్నారు. ఇన్ని మార్పుల తరువాత కూడా అది కేజన్ వంటగానే నిలిచింది. ఉప్పు మాంసం ముక్క తీసివేసినంత మాత్రాన ఆ పేరు చెదరదు. చిక్కుళ్ళలో ఉప్పు లేదన్న మాట ఒకప్పుడు లేమిని చెప్పింది. ఇప్పుడు అదే మాటను ఆ ఇంటి పెద్దకు మరి నాలుగేళ్ళ ఆయుష్షు కోరే ఇల్లాలు, కుండలో కొలత చెంచాతో చివరి ఉప్పు వేస్తూ, నవ్వుతూ అనవచ్చు.